పొట్ట లేని గిటారు

“పొట్ట లేనిది ఉందా?” అని అడిగాడు మాస్టారు.

బయట రోడ్డు తవ్వుతున్నారు. ఆ రొదలో వాద్యాల కొట్టాయన చెవికి “పొట్టిది” అని చేరింది. లోపలికి వెళ్లి, పాలపళ్ల పిల్లలు పట్టుకునే గిటారొకటి తెచ్చి మాస్టారి ఒళ్లో పెట్టాడు.

ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు దాన్ని కాసేపు ఆడించి, “పొట్టిది కాదండీ, పొట్ట లేనిది,” అన్నాడు మాస్టారు.

కొట్టాయన తన పొట్టకేసి ఒకసారి, మాస్టారి పొట్టకేసి ఒకసారి చూసి, ఆ భాగ్యం మనిద్దరికీ లేదు గాని గిటార్లకు ఉందన్నాడు.

పేరుకు మాస్టారే గాని ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. సాయంత్రాలు ఒక హోటలు భోజనాల హాల్లో మూల కూర్చుని వాయిస్తాడు. ఆయన గిటారును వాయిస్తుంటే మేనేజరు ఆయన్ని వాయిస్తుంటాడు. ఫిర్యాదు ఒక్కటే, చెయ్యి పరిగెడుతుంది. నిదానంగా బయల్దేరిన పాట సగం దాటేసరికి ఆఖరి బస్సు అందుకోవాలన్నట్టు ఉరుకుతుంది. తినేవాళ్లు కూడా ఆ ఉరుకులో గబగబా మింగేసి లేచిపోతారు.

ఈమధ్యే ఆ చెయ్యి కాస్త కుదుటపడింది. ఇలాగే వాయిస్తే నెలాఖరున ఒప్పందం మళ్లీ రాస్తానని మేనేజరు అన్నాడు. ఆ వయసులో ఇంకో హోటలు మెట్లెక్కి పని అడిగే ఓపిక మాస్టారికి లేదు. ఉన్న ఆశల్లా ఆ కాగితం మీదే.

చిక్కంతా ఇంటి దగ్గర. మధ్యాహ్నం సాధనకు కూర్చుని కాస్త హుషారెక్కగానే, పక్క వాటాలోంచి గోడ మీద టక్, టక్, టక్ మని దెబ్బలు పడతాయి. అందులోకి కొత్తగా అద్దెకు వచ్చింది ఇద్దరు, పక్షవాతంతో మంచాన పడ్డ ముసలాయన, ఉద్యోగానికి పోయే కూతురు. ముసలాయన మంచం సరిగ్గా ఈ గోడకే. ఒకరోజు పలకరించి మన్నించమందామని మాస్టారు వెళితే లోపల మనిషి, బయట తాళం.

దెబ్బ వినగానే మాస్టారు జంకి, చెయ్యి నెమ్మది చేసేవాడు. కాసేపటికి మరిచిపోయేవాడు. మళ్లీ టక్, టక్, టక్.

“జబ్బు మనిషితో మనకెందుకండీ పంతం,” అంది భార్య. “ఆయన నిద్ర చెడగొట్టి మనం బాగుపడేదేముంది. చప్పుడు చెయ్యనిది ఏదైనా చూడకూడదూ?”

అదీ ఈ కొట్టుకు వచ్చిన కారణం.

కొట్టాయన ఈసారి సరైనదే తెచ్చాడు. పెట్టె మూడు వేళ్ల మందం. ఉత్తినే మీటితే దోమ పాడినట్టు ఉంటుంది, వైరు తగిలిస్తే హాలంతా నిండుతుంది. ఇంట్లో నోరు మెదపదు, బయట గొంతెత్తుతుంది, మా అబ్బాయి దీనికి సరిగ్గా తలకిందులు అన్నాడు కొట్టాయన.

మాస్టారు తన కుండపొట్ట గిటారును మారకానికి ఇచ్చేశాడు. ఇచ్చేముందు దాని మెట్ల మీద వేళ్లు ఒకసారి కిందికీ పైకీ నడిపించాడు. ఎన్ని మెట్లెక్కినా ఉన్నచోటే ఉండటం ఆయనకు వాద్యంలోనూ అలవాటే, బతుకులోనూ అలవాటే.

మర్నాడు గోడ పలకలేదు. ఆ మర్నాడూ పలకలేదు. పెద్దాయన హాయిగా నిద్రపోతున్నట్టున్నాడని భార్య సంతోషించింది. మాస్టారు కూడా చాన్నాళ్లకు జంకు లేకుండా, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చి వాయించుకున్నాడు.

కొన్నాళ్లకు మేనేజరు పక్కకు పిలిచి, పాత జబ్బు తిరగబెట్టిందన్నాడు. కొత్త గిటారు కదా, చేతికి అలవాటు పడాలని మాస్టారు నచ్చజెప్పబోయాడు.

“గిటారు కూర్చునే ఉంది మాస్టారూ,” అన్నాడు మేనేజరు. “పరిగెడుతోంది మీరు.”

ఆ తరువాత ఆయన ఒప్పందం ఊసెత్తలేదు. ఎత్తకపోవడంతోనే మాస్టారికి సంగతి అర్థమైంది. నెలాఖరుకు ఆ మూల పాటల పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. అది అలిసిపోదు, ఉరకదు, భోజనం అడగదు.

గిటారు భుజాన వేసుకుని మాస్టారు ఇల్లు చేరేసరికి పక్క వాటా ముందు సామాను బండికెక్కుతోంది. ముసలాయన ఆ వారమే ఆసుపత్రిలో పోయాడు. కూతురు ఇంటాయనకు తాళంచెవులు అప్పజెబుతోంది. మాస్టారి భార్య ఆమె భుజం నిమురుతోంది.

కూతురి చూపు గిటారు మీద పడింది. “ఊళ్లోనే ఉన్నారా అండీ? మరి వాయించడం మానేశారేం?”

“మానలేదమ్మా. నాన్నగారికి ఇబ్బందని వినబడనిది కొనుక్కున్నాను. గోడ కొట్టేవారు కదా.”

ఆ కొట్టడం తన చెవినా పడేదనీ, విసుగు మనిషి కాబోలనుకున్నాననీ ఇంటాయన వంతపాడాడు.

ఆమె మాస్టారి కేసి, ఇంటాయన కేసి, మాస్టారి భార్య కేసి చూసింది. బీరువా ఎత్తబోతున్న కూలీలు కూడా ఆగారు.

“విసుగు కాదండీ,” అంది. “మీ చప్పుడు ఆగిపోయాక గోడకు చెవి ఆనించే పడుకునేవారు. సాయంత్రం నేను రాగానే సైగ చేసి అడిగేవారు, ఏమయ్యాడని.”

ఆమె లోపలి గోడకేసి చెయ్యి చూపింది.

“మాట పోయింది, ఒక చెయ్యి పోయింది. సెలవు రోజుల్లో చూసేదాన్ని, మీరు ఉరికినప్పుడల్లా మిగిలిన చేత్తో దరువేసి వెనక్కి తెచ్చేవారు. మంచాన పడేదాకా నాన్న చేసిన పని అదేనండీ, బ్యాండులో డ్రమ్ములు.”