మాడిన ముక్క

ఆదివారం భోజనంలోనే భార్యను చంపెయ్యాలని ఎవారిస్తో తీర్మానించుకున్నాడు.

చీమల మందు తెచ్చి గుప్పెడు రాళ్ల ఉప్పులో కలిపి విడిగా పెట్టాడు. రుచీ వాసనా ఉండవని డబ్బా మీద గొప్పగా రాసుంది. తిన్నాక నేలిదా ఎప్పట్లాగే కునుకు తీస్తుంది. ఇక లేవదు.

మాంసం కొట్టు నడిపే సులేమా, తన మొగుడు పోయినప్పటినుంచీ, "నా దగ్గరికి వచ్చెయ్యరాదూ" అంటోంది. వెళ్లడం ఎంతసేపు? కానీ ఇల్లు పుట్టింటినుంచి నేలిదాకి వచ్చింది; వదిలేస్తే ఆమెదే, ఆమె పోతేనే అతనిది. ఇటుక మీద ఇటుక పేర్చి అతను కట్టుకున్న నిప్పుల పొయ్యి ఆ పెరట్లోనే ఉంది. పెళ్లాన్ని వదులుకోవచ్చు, పొయ్యిని ఎలా వదులుకుంటాడు?

పైగా నేలిదా చేసిన నేరం చిన్నదా? పెళ్లయిన నాటినుంచీ ప్రతి ఆదివారం అదే మాట. "నాది బాగా మాడ్చు, ముసలోడా."

పక్కటెముకల దగ్గరి మెత్తటి మాంసం! లోపల గులాబీరంగు ఉండగానే దించాల్సింది! దాన్ని చెప్పు అట్ట చెయ్యమంటుంది, అదీ నలుగురూ వినేలా. మాడ్చేదానికి మంచిదెందుకని ఆమెకెప్పుడూ పల్చటి కొసముక్కే వేసేవాడు. ఆమె గురకను క్షమించాడు. ఆమె తల్లిని క్షమించాడు. దీన్ని మాత్రం క్షమించలేకపోయాడు.

ఆమె తిని మామూలుగానే పడుకుందని చెప్పడానికి సాక్షిగా ఉంటాడని స్నేహితుడు రుఫీనోను భోజనానికి పిలిచాడు.

కట్టెలు కాలి నిప్పుల మీద బూడిద కమ్మాక, తడి తుడిచిన మూడు ముక్కలు ఇనప చట్రం మీద వేశాడు.

"ఊరికే కూర్చున్నా, తిరగెయ్యనా?" అన్నాడు రుఫీనో.

"నా నిప్పు జోలికొచ్చావంటే చెయ్యి విరిచేస్తా!"

ఒక్కసారే తిరగేశాడు. ఇక నేలిదా ముక్కను మాడ్చాలి. చెయ్యి రాలేదు. పోయేముందైనా మంచి ముక్క తిననీ అనుకున్నాడు. మూడూ ఒకేలా, పైన కరకరలాడుతూ దిగాయి. కాసేపు ఆరనిచ్చి, అన్నింట్లోకీ మేలైనదాని మీద ఆ ఉప్పు చల్లి, స్వయంగా ఆమె పళ్లెంలో వేశాడు.

"ఇవాళ మాడ్చలేదు. మూడింట్లో ఇదే మేలు. నా మాట విని తిను, ముసల్దానా."

నేలిదా కళ్లు చెమర్చాయి.

"కాల్చినవాడికి చప్పట్లు!" అని రుఫీనో అరిచాడు. అక్కడి ఆనవాయితీ అది; చప్పట్లు కొట్టకుండా ఎవరూ ముక్క ముట్టరు. ఎవారిస్తో టోపీ తీసి వంగాడు. గోడ అవతల పక్కింటివాళ్లూ చప్పట్లు అందుకున్నారు. అటు తిరిగి, కళ్లు మూసుకుని, వాళ్లకీ తనివితీరా వంగాడు.

తర్వాత ముగ్గురూ తిన్నారు. ఎవారిస్తో రొట్టెతో పళ్లెం కూడా తుడిచేశాడు. జన్మలో ఇంత బాగా కాల్చలేదనుకున్నాడు. నేలిదా పళ్లెమూ ఖాళీ.

"చూశావా? ఇన్నేళ్లూ చెప్పు అట్ట తిన్నావు, పిచ్చిదానా."

"నాకు మొదటినుంచీ ఇలాంటిదే ఇష్టం," అంటూ ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "మాడ్చమంటే కొసముక్క నాకేసి, మంచిది నువ్వు తింటావని అలా అనేదాన్ని. ఇవాళేమో మేలైనది నాకు పెట్టేశావు. నాకు మనసొప్పక, నువ్వు గోడవైపు తిరిగి వంగుతుంటే దాన్ని నీ పళ్లెంలోకి మార్చేశాను."