చెరువు కట్ట మీద పాట

"ఐతారం పొద్దుగాల చెరువు కట్ట మీద పాట ఉన్నది సారూ. మీరు గూడ రావాలె," అన్నాడు పంచాయతీ మనిషి ఐలయ్య, వాకిట్లో నిలబడి.

పట్టాభిరామయ్యగారికి తాగుతున్న మిరియాల కషాయం పొలమారింది.

"నన్నా? పాటకా?"

"ఊరంత చెప్తున్న. మీరిప్పుడు మా గోపన్‌పల్లోళ్లె గద."

"పాడేవాళ్లు చాలామంది వస్తారా?"

"హఫీజ్‌పేట్ నుంచి గూడ వస్తరు. పోయిన సాలు మా పోచయ్యను మించి పాడినోడు లేడు. మీరు జర పైకి పాడితే గెలుస్తరు సారూ."

"నా గొంతు ఇప్పుడు అంత పైకి వెళ్ళదయ్యా."

"మీ తాకత్ ఎంతనో గంతే పాడుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

పట్టాభిరామయ్యగారు నగరంలో సంగీత కళాశాల ఆచార్యులు. పాఠం చెప్పడంలో దిట్ట, కృతులు కట్టడంలో ఇంకా దిట్ట. కట్టినవి బోలెడు. వేదిక ఎక్కింది ఒక్కటీ లేదు. సభలవాళ్లు "పాతవాళ్లవి అన్ని ఉండగా మీవెందుకండీ?" అని నవ్వుతూనే తలుపు వేసేవారు. శిష్యులు పరీక్ష దాకా పాడి, మర్నాటికి మరిచిపోయేవారు. అది చాలదన్నట్టు గొంతులో పుండు లేచింది. ఊరి గాలి మంచిదని ఎవరో అంటే, విశ్వవిద్యాలయం కోసం హద్దురాళ్లు పాతుతున్న ఈ చోటికి వచ్చి ఇల్లు కిరాయికి తీసుకున్నారు. గాలి బాగానే ఉంది, పుండు మాత్రం తగ్గలేదు. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తే రావచ్చు, పాట మాత్రం రాదని డాక్టరు తేల్చేశాడు.

"ఆదివారం పాడనా?" అని భార్య బాలాత్రిపురసుందరిని చిన్నపిల్లాడిలా అడిగారు.

"గొంతెత్తకూడదన్నారు కదండీ డాక్టరుగారు."

"మర్నాడు ఎలాగూ కోసేస్తారు. ఇంక ఎవరికోసం దాచుకోను సుందరీ?"

ఆవిడ పెట్టెలోంచి పట్టు పంచె తీసి మడతలు సరిచేసింది.

ఆదివారం కట్ట మీద జంపఖానా పరిచారు. జనం బాగానే వచ్చారు. దంపతులను చూసి సర్పంచి రామచంద్రం లేచి, చోటు ఇప్పించాడు.

"ఇగ పాట షురూ చేద్దాం. ముందుగాల ఎవరు?"

పోచయ్య నోరు తెరిచేలోపే "నేను" అన్నారు పట్టాభిరామయ్యగారు. సుందరి శ్రుతిపెట్టె విప్పింది.

పల్లవిలో గొంతు వణికింది. అనుపల్లవికి నిలదొక్కుకుంది. చరణంలో పై షడ్జం అందుకోబోతే చీరుకుపోయి, నాలుకకు ఉప్పగా తగిలింది. అయినా వదల్లేదు. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. పోచయ్య తలరుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తన పాటను ఇంత శ్రద్ధగా జన్మలో ఎవరూ వినలేదని ఆయనకు దుఃఖమూ సంతోషమూ కలిసి వచ్చాయి. సుందరి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

పాట ముగిసింది. ఆయన అందరికీ చేతులు జోడించి ఏదో చెప్పబోయారు. గొంతు పెగల్లేదు.

సర్పంచి పోచయ్య వంక చూశాడు. పోచయ్య ఐలయ్య వంక చూశాడు. చివరకు ఐలయ్యే దగ్గరికి వచ్చి, ఎంతో మర్యాదగా వంగి అడిగాడు.

"సారూ, మరి చెరువుల చేపలకు మీ పాట ఎంత?"