పారిపోని చిలక

ఈ కథ నాకు మొదట చెప్పింది గొర్రెల పెంటయ్య.

పన్నెండేళ్లు పంజరంలోంచి వచ్చి జోస్యం చీటీ తీసి, మళ్లీ లోపలికి పోయిన చిలకను, ముక్కు వణుకుతోందని జోస్యగాడు వదిలేశాడు. అది మోదుగ చెట్టు కింద ఆకులు పరిచి, సొంతంగా జోస్యానికి కూర్చుంది. నాలుగోనాడు, డొక్క ఎండిపోయాక, ఒక మైనా వచ్చింది.

"తాతా, నా గూడు నిలుస్తుందా?"

చిలక ఒక ఆకు తీసి పెట్టింది. వెంటనే అలవాటుకొద్దీ పంజరంలోకి పోదామని వెనక్కి తిరిగింది. వెనక ఎండుగడ్డే ఉంది.

మైనా పకపకా నవ్వింది. "పారిపోయొచ్చి మళ్లీ పంజరం వెతుక్కుంటావేం?"

"పారిపోయానని ఎవరన్నారు?"

"మీ జోస్యగాడే, ఊరంతా."

చిలక చెదరని ఆకుల్నే మళ్లీ సర్దింది.

"నీ గూడు నిలుస్తుందమ్మా. జోస్యానికి నాకు గింజ వద్దు. ఆయనే పంపేశాడని ఊళ్లో చెప్పు, చాలు."

మైనా ఎగిరిపోయింది. చెప్పిందో లేదో తెలీదు. అటుగా పోయేవాళ్లు మీరైనా చెప్పండి.