పిట్ట ముట్టేదాకా

కాకి ముట్టలేదు.

విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు పెట్టారు. పక్కన కల్లు సీసా ఉంచారు. శాంతవ్వకు ఇష్టమైనవి ఏవీ మరిచిపోలేదు. కాకి మాత్రం తుమ్మచెట్టు దిగడం లేదు. ఎల్లారెడ్డి ఊరవతలి ఆ మెట్టచెలకలో చుట్టాలందరూ ఎండలో నిలబడి, మూడో రోజు పిట్టకు పెట్టిన అన్నాన్ని, చెట్టు మీది కాకిని మార్చి మార్చి చూస్తున్నారు.

"మా అక్కకు ఏదో కోరిక మిగిలింది" అన్నాడు పర్శరాములు. శాంతవ్వ ఒక్కగానొక్క కొడుకు సిద్దార్థ రెండేండ్ల కింద బైకు ప్రమాదంలో పోయాడు. అందుకని అక్క చితికి అగ్గి పెట్టింది ఈయనే.

"ఇంకేం కోరిక, బతకాలనుండె" వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "పట్నం తీస్కపోతే బతుకుతుండె. కోడలేమో బ్యాంకుల పైసలకు కావలి కూసున్నది."

కోడలు అనిల తల ఎత్తలేదు. అత్త పోయిన నాటి నుంచి ఆమె నోరు విప్పింది లేదు.

అనిల కామారెడ్డిలో ఓ ప్రైవేటు దవాఖానలో నర్సు. ఇంగ్లండులో ఉద్యోగం ఖాయమైంది. వీసాకు ఒక్క మెలిక మిగిలింది. అక్కడ జీతం అందేదాకా బతకడానికి సరిపడా సొమ్ము, లక్షన్నర పైచిలుకు, తన ఖాతాలో ఉన్నట్టు చూపించాలి. ఉంటే సరిపోదు. ఇరవై ఎనిమిది రోజులు తగ్గకుండా ఉండాలి. మధ్యలో తగ్గిందా, మళ్లీ మొదటికొస్తుంది. తెల్లదొరలకు కదిలే డబ్బు మీద నమ్మకం లేదు, నిద్రపోయే డబ్బే కావాలి. నెలాఖరులోగా కాగితాలు పంపకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అనిల దాచుకున్నది సగానికే వచ్చింది. మిగతా సగం కోసం శాంతవ్వ తన రెండు బర్లనూ అమ్మేసింది.

"నా కొడుకైతే మళ్ల రాడు. నువ్వన్న బాగుపడు బిడ్డా" అంది.

ఇంకొన్నాళ్లలో ఆ ఇరవై ఎనిమిది రోజులు నిండుతాయనగా శాంతవ్వకు గుండెనొప్పి వచ్చింది. అనిల అంబులెన్సులో కామారెడ్డికి, తాను పనిచేసే దవాఖానకే తీసుకుపోయింది. మంచం మీద పడుకోబెడుతుంటే శాంతవ్వ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పైసలు ముట్టకు. నా మీద ఒట్టు. ముడితే నేను సచ్చినా నా పానం నెమ్మదిగుండది."

"ఈడ పనిచేసేటోళ్లకు బిల్లు ఉండదత్తా. నువ్వు పండుకో."

శాంతవ్వ నవ్వింది. నాలుగో రోజు పొద్దున పోయింది.

"పిట్ట ముట్టేదాక మనిషి ఇల్లిడిసి పోదు బిడ్డా. మనం మాట్లాడేటియన్ని వింటది" అని శాంతవ్వ చెల్లెలు హన్మవ్వ మొదటి రోజే చెప్పింది.

ఆ మాట అనిలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టపగలు అత్త నులకమంచం కిర్రుమంటోంది. చూస్తే ఎవరూ లేరు. బర్లు లేని కొట్టంలో బకెట్ కదిలిన చప్పుడు. వంటింట్లో నిలబడితే వీపు వెనక ఎవరో ఆయాసపడుతున్నారు. దవాఖానలో విన్న ఆయాసమే అది. అనిలకు చెప్పలేనంత భయమేసింది. చుట్టాలు మొహం మీదే తిడుతున్నా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది.

"అక్కా, నీకు సమాధి కట్టిస్త" అని విస్తరి ముందు మొక్కాడు పర్శరాములు.

కాకి కదల్లేదు.

"నీ కోడల్ని యాడికి పోనియ్యమక్కా. ఆ పైసలు తీసి నీ పేరు మీద ఊరికి అన్నం పెడ్తం" అంది హన్మవ్వ.

కాకి లేచి ఇంకా పై కొమ్మకు ఎగిరింది. జనం గుసగుసలు మానేశారు.

"నువ్వు అడుగు బిడ్డా" అంది హన్మవ్వ, ఆమెను ముందుకు నెడుతూ.

అనిల విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, పైసలు గట్లనే ఉన్నయి. ఒక్క రూపాయి ముట్టలే. నేను పోతున్న. నువ్వు నెమ్మదిగ పో."

కాకి దిగింది. అన్నం ముట్టింది. ఒక గారె ముక్క నోట కరుచుకుని వాగు వైపు ఎగిరిపోయింది.

"సచ్చి గూడ కోడలి పైసల మీదనే పానం పెట్టుకున్నది పిచ్చిది" అన్నాడు పర్శరాములు. అనిల వైపు చూడకుండానే చేతులు దులుపుకుని కదిలాడు. చుట్టాలు ఒక్కొక్కరే ఆటోల వైపు నడిచారు.

అనిల మాత్రం కాకి కనిపించకుండా పోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత హన్మవ్వ చెయ్యి పట్టుకుంది.

"చిన్నత్తా, ఇగ అత్తకు మన మాటలు వినవడయి గదా?"

"వినవడయి బిడ్డా. పోయింది."

"ఖాతాల ఏం లేదు చిన్నత్తా, అత్తను చేర్పించిన రోజే మొత్తం తీసి దవాఖానల కట్టిన."