చెయ్యి తీయకు

"అమ్మో, మళ్ళీ కొట్టింది!"

ఎమర్జెన్సీ గదిలో మంచం మీద అన్న ఎగిరిపడ్డాడు. గుమ్మం బయట నిలబడ్డ తమ్ముడు ఒక అడుగు ముందుకేసి, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. వదిన ఫోన్ చేసి ఏడిస్తే కారు తెచ్చాడు గానీ, దారి పొడుగునా అన్నతో పెదవి విప్పలేదు. చదరంగంలో ఏనుగును దొంగతనంగా జరిపావని అన్న నలుగురిలో అన్నాడు. ఆ రోజు నుంచి, అంటే రెండేళ్ళుగా, ఇద్దరికీ మాటల్లేవు.

నర్సు సెలైన్ సూది మీద టేపు అతికించి మానిటర్ చూసింది.

"గుండె చక్కగానే కొట్టుకుంటోందండీ. గుండె లయ తప్పితే షాకివ్వడానికి ఛాతీలో పెట్టిన మెషీన్ తీగ చెడింది. లేని ప్రమాదం ఉందనుకుని అది షాకులిస్తోంది. పైన ఈ అయస్కాంతం పెడితే ఊరుకుంటుంది. నిజంగా అవసరం పడితే షాకివ్వడానికి మా మెషీన్ సిద్ధంగా ఉంది."

గాజులా గుండ్రంగా ఉన్న అయస్కాంతాన్ని అన్న ఎడమ ఛాతీ మీద ఆనించింది.

"కదలకుండా టేపు వెయ్యాలి. ఏదీ టేపు? ఇప్పుడే ఇక్కడ పెట్టానే!"

బల్ల కింద చూసింది, దుప్పటి దులిపింది. లేదు.

"పోనీ, చేత్తో పట్టుకున్నా చాలు. టెక్నీషియన్ దారిలో ఉన్నాడు. అమ్మా, మీరు పట్టుకుంటారా?"

"నా చేతులు వణికిపోతున్నాయి," అంది బల్ల పక్కనే కూర్చున్న వదిన, చేతులు కొంగులో దాచుకుంటూ. "చిన్నా, నువ్వు రా నాయనా!"

తప్పలేదు. తమ్ముడు లోపలికొచ్చి అరచేత్తో అయస్కాంతాన్ని అదిమి పట్టాడు. అన్న మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

"నన్ను ముట్టుకుంటే నీకూ కొడుతుందేమో," అన్నాడు గోడతో.

"నీ మాటకన్నా గట్టిగా కొట్టదులే," అన్నాడు తమ్ముడు మానిటర్‌తో.

నర్సు నవ్వాపుకుంది.

చేతి కింద ఎముకలు తగులుతున్నాయి. ఇంత చిక్కిపోయాడని ఎవరూ చెప్పలేదేం? చెప్పబోయినవాళ్ళ నోరు మూయించింది తనే. ఇన్నాళ్ళూ మనసులో ఒక పహిల్వాన్‌ని నిలబెట్టుకుని పోట్లాడాడు. ఇక్కడ చూస్తే వానకి తడిసిన పిట్ట.

"చెయ్యి బరువుగా ఉందిరా."

"తీసేయమంటావా?"

"వద్దొద్దు!" అన్న చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి తీయకు."

అన్న గోడ మీంచి మొహం ఇటు తిప్పాడు.

"ఇంతకీ ఆ ఏనుగును జరిపావా, లేదా?"

"ఇప్పుడా అడగడం? తీసేస్తా చూడు!"

"బాబ్బాబు, జరపలేదు! నువ్వు జరపలేదు. పిల్లి జరిపింది."

"మనింట్లో పిల్లెక్కడుంది?"

మనింట్లో. ఆ మాట జారాక గానీ తమ్ముడికి తెలియలేదు. అన్న మాత్రం విన్నాడు.

"రేపే ఒకదాన్ని తెస్తాను. నువ్వు ఆటకి రా, చాలు."

తమ్ముడు నవ్వాడు. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. రెండో చెయ్యి ఒకటుందని తోచనే లేదు.

టెక్నీషియన్ వచ్చాడు. కంప్యూటర్ తెరిచి, షాకులు ఆపేశాడు.

"తీగ మార్చేదాకా ఇక్కడే ఉండాలండీ. మీరిక చెయ్యి తీసేయొచ్చు."

తమ్ముడు తీయలేదు. తీద్దామన్నా అన్న మణికట్టు వదల్లేదు.

వదిన లేచి, ఫ్లాస్కులోంచి మరిదికి కాఫీ పోసింది. కప్పు అంచుదాకా నిండినా ఒక్క చుక్క ఒలకలేదు.

తర్వాత కొంగు చాటునుంచి టేపు చుట్ట తీసి మెల్లగా బల్ల మీద పెట్టేసింది.