గోడవార మనిషి

ఆ సోమవారం ఫిర్యాదుల మందిరంలో ఉపస్థితులైనవారు, వరుసక్రమంలో: నీటి సరఫరా, మురుగుకాల్వల శాఖ డైరెక్టరుగారు, వారి కుడిచేతి వైపు చీఫ్ ఇంజనీరు, ఎడమచేతి వైపు పౌరసంబంధాల అధికారి, పక్క బల్ల దగ్గర ఫిర్యాదులు నమోదు చేసే గుమాస్తా, గుమ్మం దగ్గర వాచ్‌మన్, ఎదుట బెంచీల నిండా ప్రజలు.

అందరికన్నా చివర, గోడవారగా, ఏ పనీ లేని ఒక మనిషి.

పౌరసంబంధాల అధికారి కన్నంతా ఆ మనిషి మీదే ఉంది.

కొన్ని నెలలుగా అతడు ప్రతి సోమవారమూ వస్తున్నాడు. బల్ల దగ్గరికి మాత్రం రాడు. తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ల చెవిలో ఏదో చెప్పి పంపుతాడు.

"చూశావా? మళ్లీ మంత్రం వేస్తున్నాడు," అన్నాడు అధికారి గొంతు తగ్గించి.

గుమాస్తా తల ఎత్తలేదు. "వేయనివ్వండి సార్. మంత్రం పడ్డవాళ్లు బుద్ధిగా మాట్లాడుతున్నారు."

"అదే నా అనుమానం. మనవాళ్లకి బుద్ధి ఊరికే వస్తుందా?"

మందిరంలో గొడవలు సద్దుమణిగినందుకు ప్రధాన కార్యాలయం మెచ్చుకొన్నది ఈ అధికారినే. గోడలకు 'చిరునవ్వుతో సేవ' అని బోర్డులు పెట్టించినవాడు ఆయన. ఈ శాంతి ఆ బోర్డుల చలవేనని నివేదిక పంపినవాడూ ఆయనే. జాయింటు డైరెక్టరు పదవి ఇంచుమించు ఖాయమైంది. ఇంతలో మందిరంలో దళారి తిష్ట వేశాడని ఏ పత్రికకైనా పొక్కితే, పదవీ పరువూ కలిసే మంటగలుస్తాయి.

ఫిర్యాదు చెప్పి వెళుతున్న ఒక పెద్దావిడను ఆయన వరండాలో ఆపాడు.

"అమ్మా, ఆ గోడవార మనిషి మీకేం చెప్పాడు?"

"ముందు పేరు చెప్పు, తర్వాత వీధి చెప్పు, తిట్లు ఆఖర్న పెట్టుకో అన్నాడు నాయనా."

"ఎంత అడిగాడు?"

"నన్నా? నా వాలకం చూస్తే ఎవరికైనా అడగబుద్ధేస్తుందా?"

"మరి తిట్లు?"

"అక్కడిదాకా రానిస్తేగా! ఆ గుమాస్తా బాబు ఈలోపే రాసేసుకున్నాడు."

అధికారికి నమ్మకం కుదరలేదు. పరాయివాళ్ల మురుక్కాల్వ కోసం పైసా పుచ్చుకోకుండా పాటుపడే మనిషి ఆయనకు తన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ తారసపడలేదు.

తిన్నగా వెళ్లి అతడి ఎదుట నిలుచున్నాడు.

"మీ ఫిర్యాదు ఏమిటండీ?"

"నాది అయిపోయింది సార్."

"అయిపోతే ఇంకా ఇక్కడేం పని?"

"వీళ్లవి మిగిలాయి కదా అని..."

"వీళ్లకి మీరేమవుతారు? ప్లీడరా? నాయకుడా?"

"ఏమీ కాను సార్."

"ఏమీ కానివాళ్లకి ఇక్కడ కుర్చీ లేదు. దయచేయండి."

మాట మర్యాదగానే ఉంది. చేయి మాత్రం గుమ్మం వైపు చూపుతోంది.

అతడు లేచాడు. పక్కనున్నవాడి భుజం తట్టి, "నెమ్మదిగా చెప్పు బాబూ," అని బయటికి నడిచాడు. వాచ్‌మన్ అతడి రెక్క పట్టుకోలేదు. పెద్దమనిషికి తీసినట్టు తలుపు తీసి నిలబడ్డాడు.

అదీ అధికారికి అనుమానంగానే తోచింది.

తర్వాతి సోమవారం మొదటి మనిషే కేకలతో మొదలుపెట్టాడు. రెండోవాడు బల్ల చరిచాడు. మూడో ఆవిడ చీఫ్ ఇంజనీరు ఇంట్లో కుళాయి ఎండిపోవాలని శాపనార్థాలు పెట్టింది.

ఆ శాఖలో ఒక పద్ధతి ఉంది. మందిరంలో గొంతు పెంచినవారిని బయటికి పంపిస్తారు. బయటికి పోయినవారి ఫిర్యాదు నమోదు కాదు.

మధ్యాహ్నానికి బెంచీలు ఖాళీ అయ్యాయి. గుమాస్తా కలం మూత తీయనే లేదు.

"ఏమిటయ్యా ఇది? మీ చిరునవ్వు ఇవాళ సెలవు పెట్టిందా?" అన్నారు డైరెక్టరుగారు.

అధికారి ముఖం కందిపోయింది. వాచ్‌మన్‌ను పక్కకు పిలిచాడు.

"వాడి పనే ఇది! నా మీద కక్షతో అందర్నీ ఎగదోసి పంపాడు. ఎక్కడున్నా పట్టుకురా."

వాచ్‌మన్ కదలలేదు.

"నిన్న ఇంటికెళ్లి చూశాను సార్. తాళం వేసుంది. ఊరొదిలి వెళ్లిపోయాడట. ఎక్కడికో ఇరుగుపొరుగుకీ తెలీదు."

"వాడి ఇల్లు నీకెలా తెలుసు?" అధికారి కళ్లు చిన్నవయ్యాయి. "ఇందులో నీకూ వాటా ఉందా?"

"వాటా ఉంది సార్," అన్నాడు వాచ్‌మన్. "ఆయన్ని ఈ గుమ్మం దాటించడం మొన్న రెండోసారి. మొదటిసారి మీరు చెబితే రెక్క పట్టుకుని లాగేశాను. ఆ వారమే మన ఇంజనీర్ల వెంట వాళ్లింటికి వెళ్లాల్సొచ్చింది."

"ఎందుకు?"

వాచ్‌మన్ చెప్పాడు.

అధికారి దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

ఆ మరుసటి సోమవారం, నిండిన మందిరంలో, డైరెక్టరుగారి అనుమతితో పౌరసంబంధాల అధికారి లేచి నిలబడి ఇలా విన్నవించాడు:

"మూతలేని మ్యాన్‌హోల్‌లో పడి ఒక పసిపిల్ల చనిపోయినప్పుడు, దాని గురించి మా శాఖకు ఫిర్యాదు ఏదీ అందలేదని పత్రికలకు ప్రకటన ఇచ్చినవాణ్ణి నేను. ఆ ఫిర్యాదుతోనే ఇక్కడికి వచ్చి, కేకలు వేశాడని నేను బయటికి గెంటించగా, ఆ వారమే కూతుర్ని పోగొట్టుకొని, అటుపిమ్మట ఇంకెవరి మాటా అలా గాలికి పోకూడదని ప్రతి సోమవారమూ ఆ గోడవార కూర్చున్న తండ్రికి, ఈ శాఖ తన కృతజ్ఞతను సవినయంగా నమోదు చేసుకొంటున్నది."