యోర్మా కాళ్ల వాపు

"ఏమిటి కుక్కుతున్నావు అందులో?"

మంచు పడేలోపు మోటార్‌సైకిల్‌ని వసంతం దాకా పడుకోబెట్టే పనిలో ఉన్న యోర్మా ఉలిక్కిపడ్డాడు. గ్యారేజీ గుమ్మంలో భార్య పిర్కో నిలబడి ఉంది.

"గుడ్డలే. పొగగొట్టాల్లోకి ఎలుకలు దూరకుండా."

పిర్కో వంగి ఒకటి బయటికి లాగింది. తను అల్లిన ఉన్ని మేజోడు!

"ఏటా క్రిస్మస్‌కి అల్లి ఇస్తున్నాను. ఏటా ఆవిరిస్నానానికి వెళ్లినప్పుడు సౌనాలో ఎవరో ఎత్తుకుపోయారంటావు!"

"నీ అల్లిక అంత గట్టిది మరి. ఎలుక కాదు కదా, గాలి కూడా దూరదు," అన్నాడు యోర్మా, పొగిడితే కరుగుతుందని.

పిర్కో మేజోడును జానతో కొలిచింది. "కిందటేడు కాళ్లు వాచాయని ఒక సైజు పెద్దవి అల్లించుకున్నావు."

"అదీ... గొట్టాలు లావువి వేయించాను."

"మరి చలికాలమంతా నేను మందు రాసి ఒత్తింది ఏ వాపుకి?"

"హాయిగా ఉండేది," నసిగాడు యోర్మా. "వద్దనబుద్ధి కాలేదు."

పిర్కో మేజోడును మళ్లీ గొట్టంలో కుక్కింది. మోటార్‌సైకిల్ సీటును ఆప్యాయంగా నిమిరింది.

"ఉండు, నీ పరుపు తెస్తాను. వాపున్న వాళ్లిద్దరూ ఇక్కడే పడుకోండి, వసంతం దాకా."